మర్ఫీ కోసిన గాడి

పాత టెక్నో రికార్డు చేతికొస్తే, తెలిసిన సేకర్త దాన్ని వెలుతురుకేసి వంచి లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ అంచులో ఎన్‌ఎస్‌సీ అన్న అక్షరాలు వెతుకుతాడు. అది డెట్రాయిట్‌లో నేషనల్ సౌండ్ కార్పొరేషన్ నడిపిన రాన్ మర్ఫీ గుర్తు. ఆ ఊరి కుర్రాళ్లు డ్రమ్ మెషీన్ల మీద చేసుకొచ్చిన మోతను లాకర్ పూత పళ్లెం మీద గాడిగా కోసిన చేయి ఆయనది. బేస్ మితిమీరితే గాడి పక్కదాన్ని తాకుతుంది. తగ్గితే పాటలో జీవం పోతుంది.

1994లో టెక్నో కళాకారుడు జెఫ్ మిల్స్ రికార్డు ‘సైకిల్ 30’ కోసం మర్ఫీ, ముందుకు సాగక తనలోనే తిరిగే గాడులు కోశారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో ఒక చుట్టు 1.8 సెకన్లు. అందులో నాలుగు దెబ్బలు అతుకు తెలియకుండా ఇమడాలంటే నిమిషానికి 133 దెబ్బలకు కాస్త పైన వేగం కావాలి. టెక్నోలో ఇంతకు మించిన చేతిపని నేను చూడలేదు.

మర్ఫీ 2008లో పోయారు. అలాంటి రికార్డు దొరికితే, వినే ముందు ఆ అంచు చదవండి.