బృందం అంటే ఎవరు?

మా పెదనాన్నకి సత్తుపల్లిలో మైకుసెట్టు ఉండేది. వేంసూరు, కల్లూరు, పెనుబల్లి, దమ్మపేట, ఎక్కడ పెళ్లయినా ఆయన హారన్లు చింతచెట్టుకి కట్టాల్సిందే. నేను పుట్టేనాటికి రికార్డుల కాలం పోయి క్యాసెట్ల కాలం నడుస్తోంది. అయినా ఆయన రికార్డుల్ని అమ్ముకోలేదు. ఇనప ట్రంకుపెట్టెలో పాత చీరల మధ్య సర్ది పెట్టుకున్నారు. సాయంత్రాలు అరుగు మీద నలుగురైదుగురు స్నేహితులు చేరేవారు. అప్పుడు ఒక్కొక్క రికార్డూ బయటికి వచ్చేది, వాదన మొదలయ్యేది.

ఒక సాయంత్రం నాకింకా గుర్తు. నాయిక చెలికత్తెలతో కలిసి తోటలో పాడే పాట. చివరి చరణంలో గొంతు సుశీలది కాదని పెదనాన్న, సుశీలదేనని మిగతావాళ్లు. వసంత అని ఒకాయన. జలుబు చేసిన సుశీల అని ఇంకొకాయన. ముల్లు వెనక్కి పెట్టి ఆ చరణాన్నే నాలుగైదుసార్లు విన్నారు. టీ గ్లాసులు తెచ్చిన మా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "బావగారూ, మరి ఆ వెనకాల పాడే ఆడవాళ్లెవరండీ?" అని అడిగింది.

"వాళ్లా... కోరస్ లేమ్మా" అన్నారు పెదనాన్న. వాదన మళ్లీ సుశీల జలుబు దగ్గరికి వెళ్లిపోయింది.

సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేట్ పట్టా పుచ్చుకున్నాక కూడా అమ్మ ప్రశ్నకి నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు. ఎందుకు లేదన్నదే ఈ వ్యాసం.

పాత పాటల రసికుల వాదనల్ని పనిలేని కాలక్షేపంగా కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. అదొక పరిశోధన పద్ధతి. రికార్డు లేబుల్ చూస్తారు, సినిమా టైటిల్స్ చూస్తారు, రెండూ కలవకపోతే చెవిని నమ్ముతారు. 78 తిరుగుళ్ల రికార్డు ఒక పక్కన మూడు మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. అందుకని పెద్ద పాటని రెండు పక్కలకి విడగొట్టేవారు, లేదా ఒక చరణం తీసేసేవారు. తెరమీద విన్నదీ, రికార్డులో విన్నదీ ఒకటి కానప్పుడు ఆ తేడాలోంచి ఎన్ని ఊహలైనా పుడతాయి. 'మాయాబజార్' (1957) సంగీతం ఘంటసాల పేరు మీద ఉంది. అందులో కొన్ని వరసలు సాలూరి రాజేశ్వరరావు ముందే కట్టి వెళ్లారన్నది రసికులు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న మాట. ఏ వరస ఎవరిదన్న తీర్పు కోసం ఇప్పటికీ స్నేహాలు చెడేంతగా వాదించుకుంటారు. ఈ వరస ఫలానా హిందీ పాటది, ఆ హిందీ పాట ఫలానా ఇంగ్లీషు రికార్డుది అని వంశవృక్షాలు గీస్తారు.

ఈ పద్ధతి ఒక్కోసారి న్యాయం కూడా చేసింది. 1949లో 'మహల్' విడుదలైనప్పుడు అందులోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని వేశారు. అది సినిమాలో మధుబాల ధరించిన పాత్ర పేరు. శ్రోతలు ఊరుకోలేదు. ఆ పాడింది ఎవరని రేడియోకి ఉత్తరాలు రాశారు. రేడియో వాళ్లు కంపెనీని అడిగి లతా మంగేష్కర్ పేరు ప్రకటించారు. లేని మనిషి పేరు చెరిపి ఉన్న మనిషి పేరు రాయించింది అభిమానుల కుతూహలమే. కాబట్టి పేరు అడగటం చిన్న పని కాదు. ఎవరి పేరు అడుగుతున్నాం, ఎవరి పేరు అడగాలని మనకి తోచటం లేదు అన్నదే నా ప్రశ్న.

సాహిత్య చరిత్రలో ఇది మనకి పరిచయమున్న వ్యవహారమే. కర్త తెలియని చాటుపద్యం కనిపిస్తే శృంగారముంటే శ్రీనాథుడి ఖాతాలో, వెటకారముంటే తెనాలి రామకృష్ణుడి ఖాతాలో వేశాం. పేరున్నవాళ్లకే మరింత పేరు చేరుతుంది. 'ఊర్మిళాదేవి నిద్ర' లాంటి స్త్రీల పాటల దగ్గరికి వచ్చేసరికి కర్త ఎవరన్న ప్రశ్నే ఆగిపోతుంది. అవి 'అందరివీ' అయిపోతాయి. అందరివీ అనటం గౌరవంలా వినిపిస్తుంది కానీ, ఒక్కరివి కూడా కావని చెప్పటానికి అది సులువైన దారి. పాటల రసికుడు చేసేదీ ఇదే. అనుమానం వచ్చిన గొంతుని సుశీలకో, జానకికో, జిక్కికో, జమునారాణికో అప్పగిస్తాడు. నలుగురైదుగురు పేరున్న గాయనుల మధ్యే ఆ పంచాయితీ. వాళ్ల వెనక నిలబడిన స్త్రీలు ఆ జాబితాలోకి రారు.

ఈ పంచాయితీకి నీతి ఒకటి తోడైంది. మా అరుగు మీద విన్న వాదనల్లో నాకు తరవాత స్ఫురించిన సంగతి ఇది. క్లబ్బు పాటలో తెలిసిన 'మంచి' గొంతు వినిపిస్తే, "ఆవిడ ఇలాంటివి పాడదు, ఇంకెవరో అయ్యుంటారు" అనేవారు. చెవి చెప్పిన సాక్ష్యాన్ని శీలం కొట్టేసేది. నాయికకి ఒక గొంతు, వాంపుకి ఒక గొంతు అని పరిశ్రమ గీసిన గీతని రసికుడు తన చెవిలో కూడా గీసుకున్నాడు. దక్షిణాది నేపథ్య గానం మీద అమాండా వైడ్‌మన్ 2021లో ప్రచురించిన పుస్తకం ఈ విభజనని వివరంగా చర్చించింది. తెర మీద శరీరానికి పడే మచ్చ తెర వెనక గొంతుకి ఎలా అంటుకుంటుందో, దాన్నుంచి తప్పించుకోవటానికి గాయనులు నిలబడే తీరుని, చూసే తీరుని కూడా ఎలా అదుపులో పెట్టుకున్నారో అందులో చదవొచ్చు.

ఎల్.ఆర్. ఈశ్వరి కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె తల్లి మద్రాసు స్టూడియోల్లో కోరస్ గాయని. తల్లి వెంట వెళ్లి ఈశ్వరి కూడా కోరస్‌లోనే మొదలుపెట్టింది. ఆమె అసలు పేరు లూర్దు మేరీ రాజేశ్వరి. అప్పటికే ఎం.ఎస్. రాజేశ్వరి అనే గాయని ఉండటంతో ఈమె పేరు కుదించి ఎల్.ఆర్. ఈశ్వరి చేశారు. పేరు రావటానికి సొంత పేరులో సగం వదులుకోవలసి వచ్చింది. అభిమానులు ఈ కథని కోరస్ నుంచి పైకొచ్చిన కథగా చెబుతారు. పైకి రావటం అన్నామంటే కోరస్ 'కింద' ఉందని ఒప్పుకున్నట్టే. మరి ఆ తల్లి? కోరస్‌ని మెట్టుగా కాక జీవనోపాధిగా చేసుకున్న స్త్రీల కథ చెప్పటానికి మన దగ్గర ఎత్తుగడ కూడా లేదు.

ఆ పని ఎలాంటిదో తెలిస్తే చిన్నచూపు కొంత తగ్గుతుంది. అరవైల్లో పాటంతా ఒకే ఊపులో, ఒకే ట్రాక్ మీద రికార్డయ్యేది. గాయనీగాయకులు, వయొలిన్లు, తబలా, వేణువు, కోరస్ అందరూ ఒకేసారి. చివరి చరణంలో కోరస్‌లో ఒక్కరు తడబడినా అందరూ మొదటి నుంచి మళ్లీ పాడాలి, వాయించాలి. తరవాత అతికించి సరిదిద్దే సౌకర్యం లేదు. అంటే ఆ స్త్రీలకి ప్రధాన గాయనికి ఉన్నంత శ్రుతిజ్ఞానం, ఏకాగ్రత ఉండాలి. పైగా ఎవరి గొంతూ విడిగా వినపడకూడదు. గుర్తింపు పొందకుండా ఉండటమే అక్కడ నైపుణ్యం. బాగా పాడితే వినిపించరు, తప్పు పాడితేనే వినిపిస్తారు. ఇంటిపని గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్న వాక్యం కదూ ఇది!

వాద్యకారుల సంగతీ కొంత ఇలాంటిదే. చిట్టిబాబు కచేరీ విద్వాంసుడిగా ప్రసిద్ధుడు కాకముందు సినిమా పాటల్లో ఎన్ని వీణలు వాయించారో టైటిల్స్ చెప్పవు. కానీ ఆయన పేరు తరవాత వెలిగింది కనుక ఆ వీణల్ని వెతికేవాళ్లు పుట్టారు.

అమెరికాలో కేరొల్ కే ఉదంతం చూడండి. అరవైల్లో లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో బాస్ గిటార్ వాయించిన స్త్రీ. బీచ్ బాయ్స్ రికార్డుల్లో ఆమె వాద్యం ఉందనటంలో తగువు లేదు. మోటౌన్ సంస్థ ప్రసిద్ధ రికార్డులు కొన్నింటిలోనూ వాయించింది తానేనని ఆమె చెప్పినప్పుడు, అవి జేమ్స్ జేమర్సన్‌వేనని అభిమానులు, చరిత్రకారులు గట్టిగా ఎదురుతిరిగారు. ఆమె చెప్పిందంతా నిజమని నేననటం లేదు. జేమర్సన్ కూడా తన కాలంలో కవర్ల మీద పేరు లేకుండా వాయించిన నల్లజాతి కళాకారుడే. ఒక అన్యాయాన్ని ఇంకో అన్యాయంతో కొట్టెయ్యలేం. నన్ను ఆపింది వేరే సంగతి. ఇద్దరు శ్రామికుల పేర్లూ రాయని కంపెనీ పక్కకి తప్పుకుంది, తగువు ఆ ఇద్దరి మధ్యే మిగిలింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ప్రకటిస్తే కేరొల్ కే తీసుకోనన్నారు. ఆ తిరస్కారం గురించి నేను చాలాసేపు ఆలోచించాను. మన కోరస్ స్త్రీలకి తిరస్కరించటానికైనా ఏదో ఒకటి ఇవ్వజూపిన వాళ్లు లేరు.

ఇదంతా గతం, ఇప్పుడు పేరుతో పనేమిటి అనుకోవచ్చు. పేరుతో చాలా పనుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అన్నదే లేదు. 1994 సవరణతో వచ్చింది. 2012 సవరణ రాయల్టీలో వాటా కూడా ఇచ్చింది. అయితే అదే సవరణ ప్రదర్శకుల నిర్వచనానికి ఒక షరతు తగిలించింది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమో అప్రధానమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా వారి పేరు వెయ్యకపోతే, ఆ మనిషిని ప్రదర్శకురాలిగా లెక్కించనక్కర్లేదు. తన ప్రదర్శనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటీ మిగులుతుంది. ఏది అప్రధానమో తేల్చేది ఎవరు? పేరు వెయ్యకపోవటం ఆనవాయితీ చేసిందెవరు? పేరు ఎగ్గొట్టినవాళ్ల అలవాటే, పేరు లేనివాళ్ల హక్కుని కొలిచే కొలబద్ద అయింది. లేబుల్ మీద 'అండ్ కోరస్', 'అండ్ పార్టీ' అని అచ్చువేసిన చెయ్యి ఎంత దూరం చాచిందో చూడండి.

2016లో గిన్నిస్ వాళ్లు సుశీలగారి పేరున 17,695 పాటల్ని గుర్తించారు. ఏకగీతాలు, యుగళగీతాలతోపాటు కోరస్ తోడున్న పాటలూ ఆ లెక్కలో ఉన్నాయి. ఆ ఘనతలో నాకు రవ్వంత అనుమానం లేదు, తెలుగు స్త్రీగా గర్వమే. కానీ ఒక పాటని లెక్కపెట్టేటప్పుడు 'కోరస్ తోడుంది' అని గమనించగలిగిన మనం, ఆ తోడు ఎవరని మాత్రం అడగలేదు.

మన భాష కూడా ఇందులో సాక్షే. 'వంత పాడటం' అంటే నిఘంటువులో ఒక అర్థం ప్రధాన గాయకులకి తోడుగా పాడటం. వాడుకలో మనం ఎరిగిన అర్థం భజన చెయ్యటం, తలూపటం. మా అమ్మ పెళ్లికి ముందు నాట్లకి వెళ్లేది. ఒకామె ఎత్తుకుంటే పాతికమంది అందుకునేవారట. "ఎత్తుకున్నామెకి ఊపిరి తిప్పుకునే సందు ఇచ్చేది మేమే. మేం అందుకోకపోతే ఆమెకి రెండో చరణం ఎక్కడిది?" అంటుంది అమ్మ. ఏ సంగీత విమర్శకుడూ ఆ రికార్డు గురించి ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర ఆమె అడిగిన ప్రశ్న అమాయకత్వం కాదు, అనుభవం.

రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. పాటకి ముందు కోరినవాళ్ల పేర్లు ఊళ్లతో సహా చదివేవారు. ఒక పోస్టుకార్డు ఖర్చుతో పెదనాన్న పేరు, సత్తుపల్లి పేరు గాలిలోకి ఎక్కేవి. జార్ఖండ్‌లోని ఝుమ్రీ తిలైయా పట్నానికి దేశమంతటా పేరొచ్చింది ఈ కోరికల ఉత్తరాల వల్లే. ఆ తరవాత ఎనౌన్సర్, "పాడినవారు ఘంటసాల, సుశీల, బృందం" అనేది. పాట కోరినవాళ్లకి ఇంటిపేరుతో సహా పేరుంది. పాడినవాళ్లకి లేదు.

పెదనాన్న పోయాక ట్రంకుపెట్టె నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆ రికార్డులకి జాబితా రాస్తున్నాను. సినిమా, సంవత్సరం, రచన, సంగీతం, గానం అని గళ్లు గీశాక, మొదట నేనూ 'బృందం' అన్న మాటని 'గానం' గడిలోనే ఇరికించాను. రెండు పేజీలు అయ్యాక చూసుకుని సిగ్గేసింది. ఇంకో గడి గీశాను. ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయి, స్త్రీలవా, ఎక్కడ అందుకుంటున్నారు, ఎక్కడ ప్రధాన గాయని ఆగితే వీళ్లు పాట మోస్తున్నారు. పేర్లు రాయలేకపోయినా, ఉన్నారని రాయొచ్చు.

మీ ఇళ్లలో మద్రాసు స్టూడియోలకి వెళ్లి పాడొచ్చిన అమ్మమ్మలో, మేనత్తో, పక్కింటి పిన్నిగారో ఉంటే, అడిగి రాసి పెట్టండి. ఏ పాట, ఏ స్టూడియో, ఎంతమంది, ఎంత డబ్బిచ్చారు, పక్కన నిలబడినామె పేరేమిటి. చివరి ప్రశ్న మర్చిపోవద్దు. ఒకామె దొరికితే పక్కనున్నామె కూడా దొరుకుతుంది.

నిన్న రాత్రి ఆ తోట పాట మళ్లీ పెట్టాను. చివరి చరణంలో గొంతు ఎవరిదో నాకూ తేలలేదు. అమ్మ పక్కన కూర్చుని వెనక గొంతులు వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఆరుగురు" అంది. ముల్లు వెనక్కి పెట్టమంది. రెండోసారి విని, "కాదు, ఏడుగురు. ఒకామె బాగా వెనక నిలబడింది" అంది. ఏడు అని రాసుకున్నాను.