పేరు పెట్టి పిలిస్తే పలికే బటన్

బస్సు టికెట్ల పేజీ ఒకటి తెరిచామనుకోండి. మనం బుక్ చేసుకున్న టికెట్లన్నీ ఒక పట్టికలో వరసగా ఉన్నాయి. ప్రతి వరస చివరా చిన్న చెత్తబుట్ట బొమ్మ. నొక్కితే ఆ టికెట్ రద్దవుతుంది. చూపున్నవాళ్లకు అంతే చాలు, సంగతి బొమ్మే చెప్పేస్తుంది. అదే పేజీని ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో వినండి. ట్యాబ్ కీ నొక్కగానే ‘బటన్’ అంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘బటన్’. ఇంకోసారి నొక్కినా ‘బటన్’. అది ఏ బటనో, ఏ టికెట్‌దో తెలిసే దారి లేదు. అదీ కొంత నయం. ఆ బొమ్మను బటన్ ట్యాగ్ బదులు డివ్‌లో పెట్టి, దానికో క్లిక్ తగిలించి వదిలేసి ఉంటే ట్యాబ్ అక్కడ ఆగనే ఆగదు. చూపు లేనివారికి ఆ పేజీలో టికెట్ రద్దు చేసుకునే వీలే లేనట్టు.

ఈ పేజీకి టెస్టులు లేవా అంటే ఉన్నాయి, అన్నీ పచ్చగా పాసవుతున్నాయి కూడా. ‘డిలీట్ ఐకాన్’ అనే క్లాసు ఎక్కడుందో వెతుకు, క్లిక్ చేయి, వరసల్లో ఒకటి తగ్గిందేమో చూడు అని రాసి ఉంటుంది. క్లాసు పేరు ప్రోగ్రామరు తన సౌకర్యం కోసం పెట్టుకున్న గుర్తు. పేజీ వాడేవాళ్లెవరికీ అది కనిపించదు, వినిపించదు. అలాంటి గుర్తు పట్టుకుని వెళ్లే టెస్టు దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చి వీధి తలుపు బాగానే తెరుచుకుంటోందని చెప్పినట్టుంటుంది. నేనూ చాలాకాలం అలాంటి టెస్టులే రాశాను. అవి పాసైతే పని అయిపోయిందనే అనుకున్నాను.

ఆ అలవాటు మాన్పించిన పనిముట్టు టెస్టింగ్ లైబ్రరీ. దాని పనితనం గురించి చెప్పాలనే ఈ వ్యాసం. 2018లో కెంట్ సి. డాడ్స్ దీన్ని రియాక్ట్ కోసం మొదలుపెట్టారు. అప్పటికి రియాక్ట్ లోకంలో ఎక్కువమంది వాడుతున్నది 2015లో ఎయిర్‌బీఎన్‌బీ విడుదల చేసిన ఎంజైమ్. ఎంజైమ్ కాంపొనెంట్ పొట్ట విప్పి చూపించేది. లోపలి స్టేట్‌లో ఏ విలువ ఉంది, ఏ ఫంక్షన్‌ను పిలిచారు అని అడగనిచ్చేది. దాంతో లోపల ఒక పేరు మారిస్తే చాలు, పేజీలో వెంట్రుకవాసి తేడా లేకపోయినా టెస్టులు కుప్పకూలేవి. ఇటు పేజీ నిజంగా పాడైనా లోపలి లెక్క సరిపోతే పాసయ్యేవి. డాడ్స్ మాట సూటిగా ఉంటుంది: సాఫ్ట్‌వేర్‌ను మనుషులు వాడే తీరుకు టెస్టు ఎంత దగ్గరగా ఉంటే ఆ టెస్టును అంతగా నమ్మవచ్చు. ఈ ముక్క ఎవరైనా చెప్పగలరు. దాన్ని పనిముట్టులోకి ఎలా ఎక్కించారన్నదే నాకు ముచ్చట గొలిపేది.

ఇందులో పేజీ మీది వస్తువులను వెతకడానికి చాలా దారులున్నాయి, వాటికో వరసా ఉంది. మొదటిది గెట్ బై రోల్, అంటే వస్తువు చేసే పనినీ దాని పేరునూ చెప్పి పిలవడం. ఆ తర్వాత లేబుల్‌తో, ఆ తర్వాత పేజీలో కనిపించే రాతతో. అన్నిటికన్నా చివర టెస్ట్ ఐడీ. ఎవరికీ కనిపించని ఆ గుర్తును పూర్తిగా తీసేయలేదు, దారి ముగిసిన చోట వాడుకోమని అట్టడుగున పెట్టారు. క్లాసు పేరుతో వెతికే దారి మాత్రం అసలు ఇవ్వలేదు. చేతికి మొదట ఏది అందించాలి, ఏది వెనక దాచాలి అన్న ఈ లెక్కలోనే నాకు సగం పనితనం కనిపిస్తుంది.

‘బటన్ ఒకటి ఉండాలి, దాని పేరు టికెట్ రద్దు’ అని రోల్‌తో అడిగామనుకోండి. అది బటనో కాదో మన మాట మీద ఆధారపడదు. పేజీలో అసలు బటన్ ట్యాగ్ ఉంటే బటన్ అంటుంది, ఉత్త డివ్ ఉంటే అనదు. చిరునామా ఉన్న యాంకర్ ట్యాగ్ అయితే లింక్, చిరునామా తీసేస్తే లింక్ కాదు. పేరు సంగతి ఇంకా లోతైనది. ఒక వస్తువు పేరు ఎక్కడినుంచి రావాలో డబ్ల్యూ3సీ రాసిపెట్టిన సూత్రాలున్నాయి. వేరేచోట ఉన్న రాతను ఇదే నా పేరని చూపిస్తే ముందు అది. లేకపోతే ఏరియా లేబుల్. అదీ లేకపోతే లేబుల్ ట్యాగో, లోపల ఉన్న రాతో. బ్రౌజరు ఆ సూత్రాల ప్రకారమే పేరు తేల్చి స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది. టెస్టింగ్ లైబ్రరీ కూడా వాటి ప్రకారమే పేరు కడుతుంది. కంటికీ చెవికీ అందకుండా పూర్తిగా దాచినవాటినీ, స్క్రీన్ రీడర్‌కు మాత్రమే వినిపించకుండా దాచినవాటినీ లెక్కలోకి తీసుకోదు. అంటే రోల్‌తో అడిగినప్పుడు టెస్టు దాదాపుగా స్క్రీన్ రీడర్ చెవితో వింటోందన్నమాట.

ఇక అది ఫెయిలయ్యే తీరు చూడండి. నన్ను కట్టిపడేసింది అదే. చెత్తబుట్ట బటన్‌ను ‘టికెట్ రద్దు’ అని పిలిస్తే, ఆ పేరుతో బటన్ దొరకలేదని చెప్పి ఊరుకోదు. పేజీలో తనకు వినిపించిన రోల్స్ అన్నిటినీ వరసగా అచ్చువేస్తుంది. హెడింగ్, పేరు ‘నా టికెట్లు’. టేబుల్, పేరు ఫలానా. బటన్, పేరు... అక్కడ రెండు కొటేషన్ గుర్తులుంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. ఆ ఖాళీయే జబ్బు. మొదట చెప్పుకున్న ‘బటన్, బటన్, బటన్’ అన్న గొంతు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. డివ్‌తో చేసిన బటన్ అయితే ఈ జాబితాలో ఆనవాలే ఉండదు. చూపు లేనివారికి ఆ పేజీ ఎలా అందుతోందో, స్క్రీన్ రీడర్ పేరైనా వినని కుర్ర ప్రోగ్రామరుకు అడగకుండానే చదివి వినిపించినట్టవుతుంది. తప్పు చూపించే సందేశాలు రాయడాన్ని చాలామంది వెట్టిచాకిరీలా ముగిస్తారు. ఇక్కడ ఆ సందేశం పాఠం చెబుతుంది.

బటన్‌కు పేరు పెట్టాక కూడా అది ఒప్పుకోకపోవచ్చు. గెట్ బై అని మొదలయ్యే పిలుపుకు ఒక్కరే పలకాలి. పది వరసల్లో పది ‘టికెట్ రద్దు’ బటన్లుంటే పదిమంది పలికారని ఆగిపోతుంది. మొదట్లో ఇది చాదస్తం అనిపించింది. ఎన్‌వీడీఏలో బటన్ల జాబితా తెరిచి చూశాక అర్థమైంది. పది సార్లూ ఒకే పేరు ఉంటే వినేవారు దేన్ని నొక్కాలి? ఫలానా వరస లోపలే వెతకమని టెస్టుకు చెప్పే వీలుంది, అందులో తప్పూ లేదు. కానీ నేనైతే బటన్ పేరే ‘విజయవాడ టికెట్ రద్దు’ అని మారుస్తాను. అప్పుడు టెస్టూ తేలికవుతుంది, మనిషి పనీ తేలికవుతుంది.

గెట్‌కు తోడుగా క్వెరీ, ఫైండ్ అని మరో రెండున్నాయి. ఒక వస్తువు లేదని నిర్ధారించడానికి క్వెరీ, కాసేపటికి వచ్చేదాని కోసం ఎదురుచూడటానికి ఫైండ్. ఎదురుచూపు మామూలుగా 1000 మిల్లీసెకన్లు.

ఇంతవరకు చెవి సంగతి. చేతులు యూజర్ ఈవెంట్ అనే తోడు లైబ్రరీవి. క్లిక్ చేయమంటే అది ఒక్క క్లిక్ సంకేతాన్ని విసిరి ఊరుకోదు. పాయింటర్ బటన్ మీదికి రావడం, కిందికి నొక్కడం, ఫోకస్ మారడం, వేలు పైకి తీయడం, అన్నీ జరిగాకే క్లిక్. పనిచేయకుండా ఆపేసిన బటన్‌ను క్లిక్ చేయమంటే మనిషి నొక్కినట్టే, ఏమీ జరగదు. మాట టైపు చేయమంటే అక్షరం అక్షరానికీ కీ కిందికీ పైకీ వెళ్తుంది.

ఈ చేతులు ఎందుకు కావాలంటే, చెవిని మోసం చేయవచ్చు. డివ్‌కు రోల్ బటన్ అని రాసి, ఏరియా లేబుల్‌తో పేరు తగిలిస్తే గెట్ బై రోల్ సంతోషంగా ఒప్పుకుంటుంది. స్క్రీన్ రీడర్ కూడా ‘టికెట్ రద్దు, బటన్’ అంటుంది. కానీ ఎంటర్ నొక్కితే ఉలకదు పలకదు. ఎంటర్‌కు, స్పేస్‌కు స్పందించే గుణం అసలు బటన్ ట్యాగ్‌తో వస్తుంది, రోల్ అనే మాటతో రాదు. మాట ఇచ్చి తప్పినట్టుండే ఈ బటన్ పేరులేని బటన్ కన్నా అన్యాయం. అందుకే నేను క్లిక్‌తో ఒక టెస్టు రాస్తే కీబోర్డుతో ఇంకొకటి రాస్తాను. ట్యాబ్‌తో అక్కడికి చేరాలి, ఫోకస్ అక్కడ ఉందని చూడాలి, ఎంటర్ నొక్కాలి. యూజర్ ఈవెంట్‌లో అసలు బటన్ మీద ఎంటర్ పనిచేస్తుంది, డివ్ మీద పనిచేయదు. దొంగ బటన్ అక్కడ దొరికిపోతుంది.

మన పేజీలు తెలుగులో ఉంటే టెస్టులోని పేర్లూ తెలుగులోనే ఉండాలి, వాడేవారికి వినిపించేవి అవే కాబట్టి. అక్కడ ఇంగ్లిష్‌లో రాసేవారికి ఎదురుకాని చిక్కు ఒకటుంది. ‘టికెట్ రద్దు’ అని టెస్టులో ఉంది, ‘టికెట్ రద్దు’ అనే పేజీలోనూ ఉంది, అయినా దొరకలేదంటుంది. కళ్లు నులుముకుని చూసినా తేడా కనపడదు. చివరికి తేలేదేమిటంటే, ‘టికెట్’ పొల్లు తర్వాత ఒకచోట కంటికి కనిపించని గుర్తు ఉంది, రెండోచోట లేదు. ‘టికెట్‌ను’ అన్నప్పుడు నకారం వత్తుగా కిందికి దిగిపోకుండా అడ్డుపెట్టే గుర్తు అది. కొన్ని కీబోర్డులు అవసరం లేనిచోట, పదం చివర కూడా దాన్ని చేర్చేస్తాయి. అది ఖాళీ జాగా లెక్కలోకి రాదు కాబట్టి టెస్టు దాన్ని వదిలేయదు. మాటలన్నీ ఒకే ఫైల్లో పెట్టి, పదాల చివర ఊరికే చేరిన ఆ గుర్తులను అక్కడే తీసేయడం మంచి పద్ధతి. పేజీ భాష తెలుగని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చెప్పామో లేదో చూడటానికి ఒక పంక్తి టెస్టు చాలు. ఎన్‌వీడీఏతో ఉచితంగా వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు చదవడం వచ్చు. ఏ గొంతుతో చదవాలో దానికి మనం చెప్పాలి.

టెస్టింగ్ లైబ్రరీ అన్నీ పట్టేస్తుందని నేను అనను. టెస్టులు ఎక్కువగా జేఎస్‌డామ్ అనే ఉత్తుత్తి బ్రౌజరులో నడుస్తాయి. అక్కడ పేజీ గీయడమంటూ ఉండదు. కాబట్టి అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య ఉండాల్సిన 4.5:1 తేడా ఉందో లేదో తెలియదు. ఒక పెట్టె మరొకదాన్ని కప్పేసిందో లేదో తెలియదు. పెద్ద పేజీల్లో రోల్‌తో వెతకడం నెమ్మది కూడా. ప్రతి వస్తువు దాగి ఉందా లేదా అని తేల్చుకోవాలి మరి. ఆ నెమ్మదిని నేను సంతోషంగా భరిస్తాను. అసలు బ్రౌజరులోనే చూడాలనుకుంటే ప్లేరైట్ అనే మరో పనిముట్టు ఉంది. అది కూడా 2022లో, 1.27 వెర్షన్‌తో, ఇదే గెట్ బై రోల్‌ను తెచ్చుకుంది.

మన దేశంలో పేజీలను అందరికీ అందేలా చేయడం ఇక ఇష్టమైతే చేసే పని కాదు. కళ్లు ఆర్పి చూపించమనే ఈ-కేవైసీ తమకు సాధ్యం కాదంటూ యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది.

మళ్లీ మన టికెట్ల పేజీకి వద్దాం. బటన్‌కు పేరుంది, ఎంటర్‌కు పలుకుతోంది. నొక్కితే ‘విజయవాడ టికెట్ రద్దు చేయాలా?’ అనే డైలాగ్ వస్తుంది. ఫోకస్ దాని లోపలికి వెళ్లిందా? ఎస్కేప్ నొక్కితే మూసుకుని ఫోకస్ మళ్లీ అదే చెత్తబుట్ట బటన్ మీదికి వచ్చిందా? ఈ రెండూ మంచి టెస్టులు, చాలామంది ఇక్కడితో ఆగుతారు. ‘అవును’ అంటే ఏమవుతుంది? టికెట్ పోతుంది, వరస పోతుంది, ఆ వరసతోపాటు ఫోకస్ తిరిగి రావాల్సిన బటనూ పోతుంది. ఫోకస్ బాడీ ట్యాగ్ మీద పడుతుంది. స్క్రీన్ రీడర్‌తో వినేవారు పట్టిక మధ్యలోంచి ఎక్కడికో జారిపోతారు. చూపున్నవాళ్లెవరికీ ఇది తెలియదు. ‘అవును’ నొక్కాక ఫోకస్ ఎక్కడుందని అడిగే ఒక్క పంక్తి టెస్టులో ఉంటే, ఇది రాసినవారు ఆ పేజీని కళ్లు మూసుకుని ఒకసారైనా వాడారని నాకు తెలిసిపోతుంది. నేను రాసే టెస్టు ఆ ఫోకస్ కింది వరసలోని ‘గుంటూరు టికెట్ రద్దు’ బటన్ మీద ఉండాలంటుంది. అది ఆఖరి టికెట్ అయితే ‘నా టికెట్లు’ అనే హెడింగ్ మీద ఉండాలి. ఈలోగా స్టేటస్ రోల్ ఉన్న చోట ‘విజయవాడ టికెట్ రద్దయింది’ అన్న మాట కనిపించాలి, వినిపించాలి.