పైరెప్ప ఎత్తండి

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ కన్నుమూశాక ఆయన కళ్లు నలుగురికి చూపునిచ్చాయన్న సంగతి బెంగళూరులో ఏ ఆటో డ్రైవరునడిగినా చెబుతాడు. నారాయణ నేత్రాలయ వైద్యులు ఒక్కో కార్నియానూ పైపొర, లోపలిపొరగా విడదీసి నలుగురికి అమర్చారు. మిగిలిన అంచును కూడా పారేయకుండా మూలకణాల పరిశోధనకు పంపారు. ఆ మాట మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేదు. నేను రోజూ ఫొటోలు తీసేది ఆ అంచునే.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే ఆ చోటును లింబస్ అంటారు. వెడల్పు మహా అయితే రెండు మిల్లీమీటర్లు. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు అక్కడే ఉంటాయి. సున్నం ప్యాకెట్ చిట్లి పిల్లవాడి కంట్లో పడిందంటే అవి మాడిపోతాయి. తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి. ఊళ్లో దాన్నీ పువ్వేసిందనే అంటారు. అలాంటి కంటికి ఒట్టి కార్నియా మార్చితే నిలవదు, దాత ఇచ్చిన కన్ను వృథా అవుతుంది.

హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లు "ఒక ఫొటో చాలదా సార్?" అంటారు. చాలదు. మూలకణాలుండే చోటును పట్టిచ్చే సన్నటి గీతలు, వోగ్ట్ పాలిసేడ్లు, పైనా కిందా రెప్పల చాటునే బాగా ఉంటాయి. "కిందికి చూడమ్మా" అని రెప్ప ఎత్తి పట్టుకుని తీయాలి. మన కళ్లలో రంగు ఎక్కువ కాబట్టి గీతలు తేటగా కనబడతాయి. కానీ వయసు మీదపడితే అవి వాటంతటవే చెరిగిపోతాయి. ముసలి కంట్లో గీతలు లేనంత మాత్రాన జబ్బని రాసేయకూడదు.

ఫ్లోరెసిన్ అనే రంగు కాగితం కంటికి తాకించాక కాసేపు ఆగి నీలిలైటులో చూడాలి. బిగువుగా అల్లుకున్న కార్నియా కణాల్లోకి రంగు దిగదు, పైకి పాకిన పొర మాత్రం పీల్చుకుంటుంది. ఓపీ రద్దీలో కష్టమంతా ఆ ఆగడంలోనే! కాన్ఫోకల్ మైక్రోస్కోపు యంత్రం కణాలనే చూపిస్తుంది, కాకపోతే ఒక్కో ఫ్రేములో పట్టేది 0.4 మిల్లీమీటర్ల చదరమే. ఓసీటీ స్కాన్ కన్ను తాకకుండా పొరల మందం చెబుతుంది. నన్నడిగితే ముందు రంగు కాగితం, ఆ తర్వాతే యంత్రాలు.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ సంస్థలో వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన స్లెట్ పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి దెబ్బతిన్న కంటి మీద అతికిస్తారు. ల్యాబ్‌లో పెంచే పని లేదు. అందుకే బాగున్న కంటికీ ఫొటోలు తీస్తాను. "ఇది మంచి కన్నే కదా" అంటారు తల్లులు. సున్నం చిమ్మినప్పుడు అందులోనూ చుక్క పడి ఉండొచ్చు. కంటిని గడియారం ముఖంలా చూస్తే, ముక్క పన్నెండు గంటల దగ్గర తీయాలో, వేరేచోట తీయాలో సర్జన్ ఆ ఫొటోలు చూసే తేల్చుకుంటాడు.