అరచేతిలో బలిపీఠం

వియత్నాం కతోలిక అగ్రపీఠాధిపతి ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ త్వాన్ 1975 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు నిర్బంధంలోకి వెళ్లి, విచారణ గాని తీర్పు గాని లేకుండా 13 ఏళ్లు చెరలో ఉన్నారు. అందులో తొమ్మిదేళ్లు ఏకాంతవాసమే. నిందించదలిస్తే ఆయనకు మనుషులు కొరవడలేదు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడిగా ఉన్న మేనమామ న్గో దిన్ జియెమ్ 1963లో హత్యకు గురయ్యారు. సైగాన్ పతనానికి ఆరు రోజుల ముందే ఆ నగరానికి వారసత్వ హక్కుగల సహ అగ్రపీఠాధిపతిగా జరిగిన నియామకాన్ని కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం కుట్రగా చూసింది.

అయితే ఆయనను ఎక్కువగా దహించినది శత్రువులపై కోపం కాదు, ఎనిమిదేళ్లు న్యాట్రాంగ్ మేత్రాసనంలో తాను పెంచిన పనులు నాశనమవుతున్నాయనే బాధ. ఆ పనులు దేవునివే గాని అవే దేవుడు కావనీ, వాటిని దేవుడు తలచుకుంటే వేరొకరికి అప్పగించగలడనీ ఒక రాత్రి గ్రహించాక ఆయనకు శాంతి దొరికింది. ఈ గ్రహింపే అన్నిటికంటే కష్టమైనది; ఎందుకంటే చేజారినదాన్ని తనదిగా పట్టుకున్నంతకాలం, దాన్ని లాక్కున్నవారి లెక్కే మనసును ఏలుతుంది.

ఆ గ్రహింపు వెనుక ఉన్న దైవసంరక్షణ, అంటే మనిషి స్వేచ్ఛను రద్దు చేయకుండానే దేవుడు సృష్టిని దాని గమ్యానికి నడిపిస్తాడనే కతోలిక బోధ, అన్యాయం చేసినవారిని నిర్దోషులుగా ప్రకటించదు. చెడును దేవుడు సంకల్పించడు, దాని నుండి సైతం మేలు పుట్టించగలడు అని మాత్రమే అది చెబుతుంది.

ఆ నమ్మకం చెరలో ఆచరణగా మారింది. కడుపునొప్పి మందు పేరుతో బయటినుండి వచ్చిన ద్రాక్షారసం మూడు చుక్కలు, నీరు ఒక చుక్క అరచేతిలో పోసుకుని ఆయన దివ్యబలిపూజ అర్పించేవారు. ఖైదీ ప్రభావానికి లోనవుతారని మొదట కాపలాదారులను తరచూ మార్చిన అధికారులు, అలాగైతే కాపలాదారులందరూ ఆయన ప్రభావంలో పడతారని ఆ మార్పిడి మానుకున్నారు. కాపలాదారుల సాయంతోనే ఆయన కర్రముక్కతో సిలువను, విద్యుత్తు తీగతో దానికి గొలుసును చేసుకున్నారు. 2001లో కార్డినల్ అయ్యాక కూడా వాటినే ధరించారు.

చేజారినదాన్ని దేవునికి వదిలిపెట్టే ఆ మార్గాన్ని వాన్ త్వాన్ తానుగా ఎంచుకున్నారు, ఎవరూ ఆయనపై రుద్దలేదు. కాబట్టి కష్టంలో ఉన్నవారిని పరామర్శించే గురువులు, బంధువులు, విశ్వాసులు ఈ చరిత్రను వారి మొర ఆపించడానికి వాడకుండా, ముందు ఆ మొరను పూర్తిగా వినాలి.