ప్రతీకా? ప్రకటనా? – పాకిస్తాన్ కవిత్వం ఇచ్చే సాక్ష్యం

కవి సూటిగా చెప్పాలా, ప్రతీకల చాటున చెప్పాలా అన్న వాదం మన సాహిత్య సభల్లో పాతబడింది గాని తెగలేదు. సూటిగా చెబితే అది నినాదమే తప్ప కవిత్వం కాదంటుంది ఒక పక్షం. ప్రతీకగా చెబితే అది పిరికితనమనీ, ప్రజలకు అందదనీ అంటుంది మరో పక్షం. రెండు పక్షాలూ అచ్చయిన పద్యాన్ని మాత్రమే చూసి తీర్పు చెబుతున్నాయన్నదే నా అభ్యంతరం. ఈ వాదానికి కావలసిన సాక్ష్యం మన పొరుగునే, పాకిస్తాన్‌లో పేరుకుని ఉంది. ఆ దేశాన్ని సైన్యం, సరిహద్దు, క్రికెట్టు అనే మూడు కిటికీల నుంచే చూడడానికి అలవాటు పడ్డ మనం దాన్ని పట్టించుకోలేదు.

నిజానికి అది మనకు పరాయి చరిత్ర కాదు. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన మొదలైన అభ్యుదయ రచయితల ఉద్యమమే 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెలుగునాట రూపు కట్టింది. దేశంతోపాటు ఆ ఉద్యమమూ చీలిపోయింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన సజ్జాద్ జహీర్ 1948లో పాకిస్తాన్ వెళ్ళి అక్కడి కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951 మార్చిలో రావల్పిండి కుట్ర కేసు పేరిట సైన్యాధికారులతోపాటు ఆయననూ, ఫైజ్ అహ్మద్ ఫైజ్‌నూ నిర్బంధించారు. 1954లో పార్టీని, రచయితల సంఘాన్ని నిషేధించారు. పాకిస్తాన్ పాలకులు అమెరికాతో సైనిక ఒప్పందం కుదుర్చుకున్నది కూడా ఆ ఏడాదే. ఈ రెండు ఘటనలనూ విడదీసి చూడలేం.

ప్రతీకపై అభ్యంతరం మొదట సొంత శిబిరం నుంచే వచ్చింది. 1947 ఆగస్టు స్వాతంత్ర్యంపై ఫైజ్ రాసిన పద్యాన్ని అలీ సర్దార్ జాఫ్రీ గట్టిగా విమర్శించారు. అందులోని ఆశాభంగం ఏ వర్గానిదో స్పష్టంగా లేదనీ, మతవాది కూడా ఆ మాటల్ని తనవిగా చెప్పుకోవచ్చనీ ఆయన వాదన. ప్రశ్న న్యాయమైనదే. అయితే జవాబు పద్యంలో దొరకలేదు, జైలులో దొరికింది. ఫైజ్ నిర్బంధంలో ఉండగానే 1952లో ‘దస్తె సబా’ వెలువడింది. పంజరం, వేటగాడు, వసంతం, ప్రియురాలు – ఇదంతా గజల్‌లో శతాబ్దాల నాటి సామగ్రి. ముషాయిరాకు వచ్చే శ్రోతకు అది కంఠతా వచ్చు. కవి కటకటాల వెనక ఉన్నాడని తెలిసిన శ్రోతకు పంజరమంటే ఏమిటో టీకా తాత్పర్యాలు అక్కరలేదు. అంటే ప్రతీకకు స్పష్టత ఇచ్చింది కవి చెల్లించిన మూల్యం, శ్రోతకు ఉన్న సంస్కారం.

రెండో దారి హబీబ్ జాలిబ్‌ది. 1958 అక్టోబరులో అధికారం చేజిక్కించుకున్న అయూబ్ ఖాన్ 1962లో ఒక రాజ్యాంగాన్ని ప్రసాదించాడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ప్రజలకు లేదు, 80,000 మంది ‘మౌలిక ప్రజాస్వామ్య’ సభ్యులకే ఉంది. జాలిబ్ తన ‘దస్తూర్’లో ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకోనని తెగేసి చెప్పాడు. ఇది నినాదమా? అవును, నినాదమే. కాని రాగయుక్తంగా చదివే ఆయన గొంతూ, చరణ చరణానికీ తిరిగివచ్చే ఆ నిరాకరణా దాన్ని వేలమంది నోళ్ళలో నిలబెట్టాయి. జాలిబ్‌ను అయూబ్ జైలులో పెట్టాడు, భుట్టో పెట్టాడు, జియా పెట్టాడు. పాలకుడు మారినా కవి మాట మారలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1977 జులై 5న వచ్చిన జియా పాలన ఈ రెండు దారులకూ కొత్త పరీక్ష పెట్టింది. అతడు మతం పేరుతో మాట్లాడాడు. 1979లో హుదూద్ శాసనాలు వచ్చాయి. ఆర్థిక ఒప్పందాల విషయంలో ఇద్దరు స్త్రీల సాక్ష్యం ఒక పురుషుడి సాక్ష్యానికి సమానమనే చట్టం 1984లో వచ్చింది. ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా 1983 ఫిబ్రవరి 12న లాహోరులో స్త్రీలు ఊరేగితే పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. వారితో నిలిచిన జాలిబ్‌కూ దెబ్బలు తగిలాయి. కవయిత్రి ఫహ్మీదా రియాజ్ కేసుల పాలై భారతదేశంలో ప్రవాసం గడపవలసి వచ్చింది. ఈ దశలో ఫైజ్ చేసినది గమనించదగ్గది. 1979 నాటి పద్యానికి ఆయన శీర్షికను ఖురాన్ నుంచే తీసుకున్నారు. పాలకుడు భయపెట్టడానికి వాడుతున్న ప్రళయదిన పరిభాషను పాలకుడి మీదికే తిప్పారు. ‘హమ్ దేఖేంగే’గా ప్రసిద్ధమైన ఆ పద్యాన్ని ఫైజ్ మరణానంతరం, 1986లో ఇక్బాల్ బానో లాహోరులో పాడినప్పుడు శ్రోతల నినాదాలు పాటలో కలిసిపోయాయి. ప్రతీకా, నినాదమూ అక్కడ రెండు కావు.

మరి అదే పద్యం నేల మారితే ఏమవుతుంది? 2019 డిసెంబరులో కాన్పూర్ ఐఐటీలో విద్యార్థులు దాన్ని చదివితే, అందులోని విగ్రహాల ప్రస్తావన హిందువులకు వ్యతిరేకమని ఫిర్యాదు వచ్చింది. దానిపై విచారణ సంఘం కూర్చుంది! నియంతకు గురిపెట్టిన ప్రతీకను నిఘంటువుతో కొలిచారు. సూటి పద్యమైనా క్షేమంగా ఉందా? జాలిబ్ ‘దస్తూర్’ను ఎన్నికల సభల్లో ఆవేశంగా చదివి చప్పట్లు కొట్టించుకున్న నాయకుడు షెహబాజ్ షరీఫ్. ఆయనే ప్రధానిగా ఉన్న 2024 మేలో అహ్మద్ ఫర్హాద్ అనే కవి ఇస్లామాబాద్‌లో అదృశ్యమయ్యాడు. కుటుంబం హైకోర్టుకెక్కిన రెండు వారాలకు, ఆయన పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో పోలీసుల అదుపులో ఉన్నాడని ప్రభుత్వం చెప్పింది. చనిపోయిన కవిని సభలో చదవడం, బతికున్న కవిని మాయం చేయడం – రెంటికీ ఒకే రాజ్యంలో చోటుంది. ఫైజ్‌కు 1990లో మరణానంతరం దక్కిన అత్యున్నత పౌర పురస్కారాన్నీ ఈ వెలుగులోనే చూడాలి.

ఇద్దరికీ ఉన్న ఒక పరిమితిని కూడా చెప్పకుండా ముగించరాదు. 2017 జనగణన ప్రకారం పాకిస్తాన్‌లో ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు 7 శాతం. ఏకైక జాతీయ భాషగా ఉర్దూను రుద్దడాన్ని ఎదిరించినందుకే 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు తూటాలకు బలయ్యారు. సింధీలో రాసిన షేక్ అయాజ్, బలూచీలో రాసిన గుల్ ఖాన్ నసీర్ కూడా జైళ్ళు చూసినవారే. వారిని మనం ఎందరం చదివాం? పాకిస్తాన్ కవిత్వమంటే ఉర్దూ కవిత్వమేనని అనుకోవడం, తెలియకుండానే అక్కడి పాలకుల నిర్వచనాన్ని మనం అంగీకరించడమే అవుతుంది.

కాబట్టి సాహిత్య విద్యార్థులకు నా సూచన ఇది. పద్యం ప్రతీకాత్మకమా, ప్రకటనాత్మకమా అని విభజించి మార్కులు వేయడంతో విమర్శ పూర్తికాదు. ఎవరి భాషలో రాశారు, ఏ అధికారం ఎదుట చదివారు, విన్నవారు దానితో ఏం చేశారు, చదివినవాడు ఏం చెల్లించాడు అని అడగాలి. రూపం గురించిన చర్చ ఈ ప్రశ్నల తర్వాత మొదలుకావాలి. ఈ ప్రశ్నలు ఫైజ్‌కూ జాలిబ్‌కూ వేసినంత నిర్మొహమాటంగా మన తెలుగు కవులకూ వేయవలసి ఉంది.