ఒకే బంధం, అనేక పాయలు: సెక్యూర్ షెల్ అనుసంధాన పత్రం – పరిభాషా పరిశీలన

ఒకే సర్వరు సంబంధం మీద అనేక సేవలను నడిపే పద్ధతిని వివరించే ప్రామాణిక పత్రం ఆర్.ఎఫ్.సి. 4254. ఇది 2006 జనవరిలో వెలువడింది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యులోనెన్ రూపొందించిన సెక్యూర్ షెల్ విధానానికి ఇది అనుసంధాన భాగం. ఈ పత్రాన్ని తెలుగులో బోధించవలసి వస్తే, అందులోని కీలకపదమైన 'ఛానల్'ను ఏమనాలి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే అంశం.

సెక్యూర్ షెల్‌లో మూడు అంతస్తులున్నాయి. రవాణా అంతస్తు సమాచారాన్ని గూఢీకరిస్తుంది. ధ్రువీకరణ అంతస్తు వాడుకరి ఎవరో నిర్ధారిస్తుంది. అనుసంధాన అంతస్తు అప్పటికే ఏర్పడిన ఆ ఒక్క బంధంలో అనేక ఛానళ్లను తెరుస్తుంది. ఒకదానిలో ఆదేశాల కన్సోలు, మరొకదానిలో ఫైళ్ల బదిలీ, ఇంకొకదానిలో డేటాబేసుకు పోర్టు ఫార్వర్డింగు ఏకకాలంలో సాగవచ్చు.

నిఘంటువును అనుసరించి ఛానల్‌ను 'కాలువ' అనవచ్చు. ఈ పోలిక కొంతవరకు నిలుస్తుంది. స్వీకరించేవారు అనుమతించిన పరిమాణానికి మించి ఏ ఛానల్‌లోనూ సమాచారం పంపరాదని పత్రం నియమించింది. తూము దగ్గర నీటిని అదుపు చేయడం వంటిదే ఇది. అయితే పిల్లకాలువలు ప్రధాన కాలువ నుండి విడిపోయి వేరు దారులు పడతాయి. ఛానళ్లు విడిపోవు, ఒకే గూఢీకృత బంధంలో కలిసి ప్రయాణిస్తూనే తమ గుర్తింపును నిలుపుకొంటాయి. 'మార్గం' అంటే మరింత నష్టం. బంధానికీ ఛానల్‌కూ భేదమే చెరిగిపోతుంది.

ఇక్కడ 'పాయ' అన్న పదం మెరుగైనది. నదీపాయ అర్థంలో కాక, జడపాయ అర్థంలో దీనిని గ్రహించాలి. జడలో పాయలు కలిసే ఉంటాయి, కాని ఒకటైపోవు.

ఇది కేవలం పదాల ఎంపిక కాదు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో కంట్రోల్‌మాస్టర్ అమరికను వాడినప్పుడు, తొలి సంబంధం నిలిచి ఉన్నంతవరకు తరువాతి సెషన్లకు మళ్లీ ధ్రువీకరణ అవసరం లేదు. నమ్మకం బంధానికి లభించింది, ప్రతి పాయకూ విడివిడిగా కాదు. ఆ బంధం తెగితే పాయలన్నీ తెగుతాయి. అది పరుల చేత చిక్కితే వారు కొత్త పాయలను తెరవగలరు. ప్రతి సేవా స్వతంత్ర మార్గమని భావించిన విద్యార్థికి ఈ ప్రమాదం కనిపించదు.

కావున సాంకేతిక పదాన్ని అనువదించేటప్పుడు నిఘంటువులోని సమానార్థకంతో తృప్తిపడక, ఆ వ్యవస్థలో అది నిర్వహించే పనిని ముందుగా గ్రహించాలి. పరిభాషా నిర్మాణంలో ఆ పనికే ప్రాధాన్యం దక్కాలి.