పేరు పెట్టేముందు అడగడం: సాంస్కృతికాంతర మానసిక చికిత్సకు మానవశాస్త్రం ఇవ్వగలిగినది

మానసిక చికిత్సకు ప్రధాన సాధనం మాట. వైద్యుడి భాష తెలియకపోయినా విరిగిన ఎముకకు కట్టు పడుతుంది. మాటతోనే సాగే చికిత్సలో ఆ వెసులుబాటు లేదు. రోగీ చికిత్సకుడూ వేర్వేరు సంస్కృతుల నుంచి వచ్చినప్పుడు ఏ మాట ఏ బాధను చెబుతున్నదన్నదే మొదటి చిక్కు. దీనికోసం మానవశాస్త్రాన్ని ఆశ్రయించేవారు సాధారణంగా దాని నుంచి ఒక పట్టికను ఆశిస్తారు: ఫలానా దేశస్థులు బాధను ఇలా చెబుతారు, ఫలానా మతస్థులు ఇలా నమ్ముతారు అని. మానవశాస్త్రం ఇవ్వగలిగినది ఆ పట్టిక కాదనీ, పేరు పెట్టేముందు ఆగి అడిగే అలవాటు అనీ నా అభిప్రాయం. మనోవైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలో చేసిన పరిశోధన ఈ విషయంలో ఆదర్శమూ, హెచ్చరికా కూడా.

క్లైన్‌మన్ 1977లోనే ఒక ‘వర్గీకరణ దోషా’న్ని గుర్తించారు. ఒక సంస్కృతిలో రూపొందిన రోగనిర్ధారణ వర్గాన్ని మరో సంస్కృతిలోకి తీసుకువెళ్లి, దానికి సరిపోయే మనుషులను అక్కడ వెతకడమే ఆ దోషం. వెతికితే దొరుకుతారు. దొరికినంత మాత్రాన ఆ వర్గానికి అక్కడివారి జీవితంలో అర్థం ఉందని రుజువు కాదు. 1980లో ఆయన హునాన్ వైద్య కళాశాలలో ‘షెంజింగ్ షువాయ్‌రువో’, అంటే నాడీ దౌర్బల్యం, అన్న నిర్ధారణ పొందిన 100 మందిని పరిశీలించారు. తలనొప్పి, నిద్రలేమి, తలతిరుగుడు వంటివి వారు చెప్పుకున్న బాధలు. అమెరికన్ ప్రమాణాలతో చూసినప్పుడు వారిలో 87 మంది తీవ్ర కుంగుబాటు వర్గంలోకి వచ్చారు. 1982లో వెలువడిన ఈ ఫలితాన్ని, చైనీయులు మనోవ్యథను శరీరంలోకి మళ్లిస్తారన్న ఒక్క వాక్యానికి కుదించి చదువుకోవడం సులువు.

అయిదేళ్ల ముందు తాను హెచ్చరించిన దోషాన్ని క్లైన్‌మన్ తానే చేశారా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. ఆ ఆక్షేపణలో బలం ఉంది. శరీరబాధ పైపొర, కుంగుబాటు లోపలి నిజం అన్న తారతమ్యం ఆ లెక్కలోనే ఇమిడి ఉంది. అమెరికన్ రోగులే శరీరబాధను మనసు మాటల్లోకి మళ్లిస్తున్నారని ఎందుకు అనకూడదు? పైగా నాడీ దౌర్బల్యం పురాతన చైనా భావన కాదు. అమెరికన్ వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో ప్రచారంలోకి తెచ్చిన ‘న్యూరస్తీనియా’యే చైనా చేరి అక్కడి దేహభావనలతో కలిసిపోయింది. అమెరికన్ మనోవైద్య సంఘం 1980లో తన నిర్ధారణ గ్రంథం మూడో కూర్పు నుంచి దాన్ని తొలగించింది. తాము పంపి మరిచిపోయిన మాటే వారికి పరాయి సంస్కృతిగా ఎదురైందన్నమాట!

అయితే క్లైన్‌మన్ లెక్క దగ్గర ఆగలేదు. 1986 నాటి ఆయన గ్రంథంలో నాకు విలువైనవిగా తోచేవి రోగుల జీవితకథలు. సాంస్కృతిక విప్లవ కాలపు అవమానాలు, భార్యాభర్తలకు వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాలు, వదులుకోలేని, భరించలేని కొలువులు వాటిలో కనిపిస్తాయి. ఆనాడు కుంగుబాటు తప్పుడు రాజకీయ చింతనగా అనుమానానికి గురయ్యేది. నాడీ దౌర్బల్యం మాత్రం సెలవు అడగడానికీ బదిలీ కోరడానికీ వీలిచ్చే పరువైన పేరు. మందులతో చాలామందికి లక్షణాలు తగ్గాయి. పని, కుటుంబాల చిక్కులు తీరనివారిలో అనేకులు తాము కోలుకున్నామని అనుకోలేదు. వైద్యుడు చూసే వ్యాధి వేరు, రోగి అనుభవించే అస్వస్థత వేరు అని క్లైన్‌మన్ చేసిన విభజనకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

పట్టికల ప్రమాదం ఎంతటిదో పీటర్ బెన్సన్‌తో కలిసి 2006లో ఆయన రాసిన వ్యాసం చూపుతుంది. హెచ్‌ఐవీ ఉన్న నాలుగేళ్ల కొడుకును ఒక మెక్సికన్ తండ్రి ఆసుపత్రికి సరిగా తీసుకురావడం లేదు. ఆ వ్యాధి గురించి అతని సాంస్కృతిక విశ్వాసం వేరేమోనని వైద్యులు అనుకున్నారు. అడిగితే తేలింది వేరు: అతను తక్కువ జీతానికి రాత్రిపూట బస్సు నడుపుతున్నాడు, తరచు రావడానికి వీలు కావడం లేదు. వైద్యం గురించి అతనికి అన్నీ తెలుసు. సంస్కృతి అన్న మాట పేదరికాన్ని ఎంత మర్యాదగా కప్పేయగలదో చూడండి.

మీ బాధను మీరేమని పిలుస్తారు, అది ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, దాని గురించి మీకు ఎక్కువ భయం దేనికి, వంటి ప్రశ్నలను లియోన్ ఐసెన్‌బర్గ్, బైరన్ గుడ్‌లతో కలిసి క్లైన్‌మన్ 1978లో ప్రతిపాదించారు. అమెరికన్ నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో, 2013లో, 16 ప్రశ్నల సాంస్కృతిక సంభాషణ పత్రం చేరింది. అది మేలే. కాని ప్రశ్న పత్రంగా మారినప్పుడు జవాబును గడిలో నింపే తొందర కూడా వస్తుంది. జవాబు పరభాషలో ఉన్నప్పుడు ఆ తొందర ఖరీదు ఎక్కువ.

దక్షిణ కన్నడ ప్రాంతపు హవ్యక బ్రాహ్మణ స్త్రీలను పరిశీలించి మార్క్ నిక్టర్ 1981లో ‘బాధను చెప్పే నుడికారాలు’ అన్న భావనను తెచ్చారు. మన పొరుగున పుట్టిన ఈ భావన తెలుగుకు బాగా వర్తిస్తుంది. ‘బెంగ’ తీసుకుందాం. దిగులు ఊరికే కలగవచ్చు. బెంగ సాధారణంగా ఎవరి మీదో, దేని మీదో ఉంటుంది: అమ్మమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. పిల్ల బెంగతో జ్వరం తెచ్చుకుందంటే అది శరీరానిదా మనసుదా అని తెలుగింట ఎవరూ అడగరు. ఎవరి మీద బెంగ అని అడుగుతారు, వీలైతే వారిని పిలిపిస్తారు. డిప్రెషన్‌కు మనం స్థిరపరచుకున్న ‘కుంగుబాటు’లో ఆ రెండో మనిషికి చోటు లేదు. తెలంగాణలో ‘పానం మంచిగ లేదు’ అన్నప్పుడు కూడా దేహాన్నీ మనసునూ విడదీసే గీత ఏదీ ఉండదు.

కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుగా ఉంటున్న ఒక తల్లి చికిత్సకురాలి ముందు ఆ మాటే అన్నదనుకుందాం. పక్కన కూర్చున్న కొడుకు ‘ఒంట్లో బాగాలేదట’ అని ఇంగ్లీషులో చెబుతాడు. అనువాదంలో తప్పేమీ లేదు. చికిత్సకురాలు రక్తపరీక్షలకు రాసిపెడుతుంది.